టోన్డ్ పేపరు మీద బొబ్బిలి వీణ: పసుపు ఎందుకు మసకబారుతోంది, తెలుపు ఎందుకు సుద్దలా కనిపిస్తోంది?

ప్రశ్న: గీతల పుస్తకం (విజయనగరం)

అందరికీ నమస్కారం. తెల్లని కార్ట్రిడ్జ్ పేపరు మీద కలర్ పెన్సిళ్లతో బొమ్మలు వేయడం నాకు బాగా అలవాటైన పని. ఈమధ్య టోన్డ్ పేపరు మీద, అంటే తయారీలోనే లేత గోధుమ, బూడిద వంటి రంగు కలిపిన కాగితం మీద ప్రయోగాలు మొదలుపెట్టాను. ఎంచుకున్న వస్తువు బొబ్బిలి వీణ. బొబ్బిలి దగ్గరి గొల్లపల్లిలో వీణలు చెక్కేచోట వేసుకున్న స్కెచ్‌లు, తీసుకున్న ఫొటోల ఆధారంగా అదే బొమ్మను ఒకసారి గోధుమ రంగు కాగితం మీద, మరోసారి బూడిద రంగు కాగితం మీద వేస్తున్నాను. పనస దుంగను తొలిచి చేసిన కుండ, దండి, దాని కొసన వంగి ఉండే యాళి (సింహం వంటి పురాణ జంతువు) తల, నల్లని మైనంలో వరుసగా నాటిన ఇత్తడి మెట్లు, వాటి మీదుగా సాగే తంత్రులు ఒక్క వస్తువులోనే ఉన్నాయి. చీకటి, వెలుగు, వాటి నడిమి ఛాయ ఇంత దగ్గరదగ్గరగా దొరికే వస్తువు మన జిల్లాలో మరొకటి లేదనిపించి దీన్ని తీసుకున్నాను.

గోధుమ రంగు కాగితం మీద చెక్క భాగం చాలా సులువుగా వచ్చింది. నీడ ఉన్న వైపు ముదురు గోధుమ, కాస్త ఎరుపు పెన్సిళ్లతో రెండు పొరలు వేసేసరికి కుండ గుండ్రంగా పైకి లేచింది. చిక్కంతా మిగిలినవాటితోనే. మెట్ల మీద వేసిన పసుపు ఎంత వత్తినా ఇత్తడిలా మెరవడం లేదు. కుండ మీది పాలిష్ మెరుపు కోసం వాడిన తెల్ల పెన్సిలు మెట్ల మీద మాత్రం నీలిచాయ తిరిగి, సుద్ద పూసినట్టు కనిపిస్తోంది. వీణ కింద పరిచిన నీలం గుడ్డ సీసం రంగులోకి దిగిపోయింది. బూడిద రంగు కాగితం మీద ఇందుకు విరుద్ధంగా నీలం బాగానే నిలిచింది కాని, పసుపు పచ్చి ఆలివ్ రంగులోకి మారింది. గోధుమ కాగితం మీద వాడిన పెన్సిళ్లే వాడినా చెక్క మాత్రం నారింజ పండు రంగు పూసినట్టుంది.

నా దగ్గర ఉన్నవి నూనె ఆధారంగా చేసిన ఫేబర్-కాస్టెల్ పాలీక్రోమోస్ పెన్సిళ్లు, వాటితోపాటు మైనం ఎక్కువగా ఉండే మెత్తని పెన్సిళ్లు కొన్ని. రంగు వేసే ముందు అడుగున తెల్ల పెన్సిలుతో ఒక పొర వేయడం మంచిదా, లేక దానివల్ల కాగితం గరుకు పూడిపోయి పైరంగు పట్టదా? కాగితం రంగును వస్తువును బట్టి ఎంచుకోవాలా, వెలుతురును బట్టి ఎంచుకోవాలా? మరొక మాట. నాకు ఇక్కడి దుకాణాల్లో టోన్డ్ పేపరు దొరకలేదు. పిల్లల పుస్తకాలకు అట్టలు వేసే బ్రౌన్ పేపరు మాత్రం ఎక్కడైనా దొరుకుతుంది. దాని మీద వేయవచ్చా? అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరు.


సమాధానం: వంశధార ఒడ్డు (శ్రీకాకుళం)

గీతల పుస్తకం గారూ, మీరు చెప్పిన తేడాలన్నిటికీ మూలం ఒకటే. కలర్ పెన్సిలు పొర పోస్టరు రంగులా కాగితాన్ని కప్పేయదు. అది అరపారదర్శకంగా ఉంటుంది. వెలుతురు ఆ పొరగుండా దిగి, కాగితాన్ని తాకి, మళ్లీ ఆ పొరగుండానే మన కంటికి తిరిగి వస్తుంది. గోధుమ రంగు కాగితం తన మీద పడిన వెలుతురులో నీలం పాలును ఎక్కువగా మింగేస్తుంది. తిరిగి పంపడానికి దాని దగ్గర నీలం అంతగా మిగలనప్పుడు పైన ఎంత మంచి నీలం పెన్సిలు వాడినా అది సీసం రంగులోకే దిగుతుంది. పసుపు సంగతి వేరు. పసుపు అన్ని రంగుల్లోకీ లేతది కనుక దానికి అడుగున మంచి వెలుగు ఉండాలి. బూడిద కాగితంలో ఆ వెలుగు తక్కువ. నలుపుతో కలిసిన పసుపు మన కంటికి ఆకుపచ్చ వైపు జరుగుతుంది కనుకనే మీకు ఆలివ్ రంగు కనిపించింది.

కాబట్టి అడుగు పొర అవసరమే, కాని అంతటా కాదు. నేను తేలినీలాపురం వలస పక్షులను బూడిద రంగు కాగితం మీద వేస్తుంటాను. ఎర్రకాళ్ల కొంగకు ముక్కు పసుపు, తల నారింజ ఎరుపు, ఒళ్లు తెలుపు, రొమ్ముకు అడ్డంగా నల్లని పట్టీ, తోక దగ్గరి ఈకలు గులాబీ రంగు. దాని ముక్కు, గులాబీ ఈకలు ఉన్నచోట మాత్రమే ముందుగా తెలుపు వేసి, దాని మీద అసలు రంగు వేస్తాను. ఒంటి తెలుపులో నీడ పడిన భాగానికి అసలు ఏమీ వేయను. అక్కడ కాగితమే నీడ. ఎండ తగిలిన రెక్కల అంచులకు మాత్రం తెలుపు. తెల్ల కాగితం మీద ఇదే కొంగను వేయాలంటే దాని చుట్టూ ఆకాశాన్నో చెట్టునో ముదురు చేస్తే తప్ప తెలుపు తెలుపులా కనిపించదు. ఆ శ్రమంతా ఇక్కడ తప్పుతుంది.

గరుకు పూడిపోతుందన్న మీ అనుమానం సరైనదే. మైనం ఎక్కువున్న మెత్తని తెలుపును వత్తి వేస్తే, దాని మీద రెండో రంగు జారిపోతుంది. అడుగు పొరకు నూనె ఆధారపు గట్టి పెన్సిలునే పదునుగా చెక్కి, చేతి బరువు ఆనకుండా, గింజ గింజగా పడేలా వేయండి. మెత్తని తెలుపును ఆఖరి మెరుపు కోసం దాచుకోండి. కారన్ దాష్ లూమినాన్స్ తెలుపు మిగిలినవాటికన్నా ఎక్కువగా కప్పుతుందని పెన్సిలు వాడేవాళ్లు చాలామంది అంటారు, నా అనుభవమూ అదే. ఖరీదు మాత్రం ఎక్కువ కనుక ఆ ఒక్క పెన్సిలునే విడిగా కొనడం నయం. ఇంకా గట్టి తెలుపు కావాలంటే సన్నని కుంచెతో తెల్ల గువాష్ (అడుగును కప్పేసే చిక్కని నీటిరంగు) చుక్క పెట్టి, ఆరాక దాని మీద పసుపు పెన్సిలు ఆనించండి. గువాష్ ఆరిన చోట గరుకు కొత్తగా పుడుతుంది, పెన్సిలు బాగా పట్టుకుంటుంది.

కాగితం ఎంపికకు నేను పాటించే సూత్రం ఒకటే. కాగితాన్ని మిడ్‌టోన్‌గా, అంటే చీకటి వెలుగుల నడిమి ఛాయగా తీసుకోవాలి. దానికన్నా ముదురువన్నీ ముదురు పెన్సిళ్లతో, లేతవన్నీ లేత పెన్సిళ్లతో వేసి, మధ్యదాన్ని వదిలేయాలి. ఆ వదిలేసిన చోటే టోన్డ్ పేపరు అందమంతా ఉంది.


సమాధానం: డ్రాయింగ్ మాస్టారు, విశ్రాంత (విజయనగరం)

అమ్మా, శ్రీకాకుళం మిత్రులు చెప్పినదాంట్లో రంగుల సంగతంతా సరిగానే ఉంది. ఆఖరి పేరాతో మాత్రం నేను ఏకీభవించను. కాగితమే మిడ్‌టోన్ అన్న మాట పాఠాల్లో, వీడియోల్లో విని విని అందరికీ సూత్రంలా అలవాటైపోయింది. కాగితానికి ఒక ఛాయ ఉంటుంది, అంతే. అది మీ వస్తువులో లేత నుంచి ముదురు దాకా ఏ మెట్టు దగ్గర పడుతుందన్నది ఆ వస్తువును బట్టి, దాని మీది వెలుతురును బట్టి మారుతుంది. దీన్ని తేల్చుకోకుండా మొదలుపెట్టిన బొమ్మలో ఆ తర్వాత ఎన్ని పొరలు వేసినా సరిపడదు.

తెలుపును 1, నలుపును 9 అనుకొని మెట్లు కడితే, దుకాణంలో గోధుమ రంగు పేరుతో అమ్మే కాగితాలు సాధారణంగా 3, 4 దగ్గర ఉంటాయి. అంటే నడిమికన్నా కాస్త లేత. ఇప్పుడు మీ వీణను చూడండి. కొత్తగా కోసిన పనస చెక్క పసుపు రంగులో ఉంటుంది, గాలి, వెలుతురు తగిలేకొద్దీ బంగారు గోధుమ రంగులోకి, ఆపైన ఇంకా ముదురుకు తిరుగుతుంది. గొల్లపల్లిలో అప్పుడే చెక్కుతున్న, పాలిష్ పడని కుండను వేస్తే మీ కాగితం దానికి నిజంగానే నడిమి ఛాయ. పాలిష్ పెట్టి, ఏళ్ల తరబడి వాయించిన వీణను వేస్తే అదే కాగితం దానికి వెలుగు వైపు మెట్టు. అప్పుడు చెక్కలో కాగితాన్ని వదిలేయగల చోటు బహు కొద్ది, మిగిలినదంతా ముదురు పెన్సిళ్లతో నింపవలసిందే. మీకు చెక్క సులువుగా వచ్చిందంటే మీరు తీసిన ఫొటోల్లో చెక్క లేతదై ఉండాలి.

ఈ తేడా అన్నిటికన్నా ఎక్కువగా తెలిసేది మనుషుల ముఖాలు వేసేటప్పుడు. యూరప్ చిత్రకారులకు రంగు కాగితం చాలా పాత అలవాటు. వెనిస్‌లో నీలం గుడ్డపేలికలతో చేసిన నీలి కాగితం వాడేవారు. ఆల్బ్రెక్ట్ డ్యూరర్ 1508లో వేసిన ప్రార్థించే చేతుల బొమ్మ, ఇప్పుడు వియన్నాలోని ఆల్బర్టినా మ్యూజియంలో ఉన్నది, నీలిరంగు పూసిన కాగితం మీద కుంచెతో ముదురు, తెలుపు గీతలుగా వేసినదే. హోల్‌బైన్ 1532 తర్వాత ఇంగ్లండులో వేసిన ముఖచిత్రాలకు లేత గులాబీ రంగు పూసిన కాగితం వాడాడు. తన ఎదురుగా కూర్చున్నవాళ్ల ఒంటిరంగు ఆ గులాబీకి దగ్గర కనుక ముఖంలో చాలా భాగాన్ని కాగితానికే వదిలిపెట్టగలిగాడు. ఆ పద్ధతిని, అందులో వాడిన కాగితాన్ని యథాతథంగా తెచ్చుకొని మన ప్రాంతపు నల్లని, చామనచాయ ముఖాలకు వాడితే కుదరదు. లేత గోధుమ కాగితం మన ముఖంలో నడిమి ఛాయ కాదు, చెంప ఎముక మీద, ముక్కు మీద పడిన వెలుగు. తెల్ల పెన్సిలు పని కంటిపాపలో చుక్కకు, చెమట తళుకుకు మించి ఉండదు. ఆ సంగతి తెలియక కాగితాన్ని నడిమిగా తీసుకొని పైన తెలుపు నింపుకుంటూ పోతే, ఎండకు నల్లబడ్డ జాలరి ముఖం కూడా పౌడరు పూసినట్టు తయారవుతుంది. మన ముఖాలకు కాఫీ గింజ రంగుకు దగ్గరి కాగితమో, ముదురు బూడిద రంగు కాగితమో దొరికితే దాని మీద వేసి చూడండి. అక్కడ మిడ్‌టోన్ అన్న మాట నిజమవుతుంది.

ఇక మీ ఇత్తడి. అడగవలసిన ప్రశ్న పెన్సిలు గురించి కాదు, మెరుపు గురించి. పాలిష్ చేసిన చెక్క మీద కనిపించే మెరుపు కిటికీ వెలుతురు రంగులోనే ఉంటుంది. పైనున్న వార్నిషు పొర వెలుతురును రంగు మార్చకుండా తిప్పికొడుతుంది. ఇత్తడి, రాగి, బంగారం అలా కాదు, అవి తిప్పికొట్టే వెలుతురుకు తమ రంగు అంటిస్తాయి. ఇత్తడి మెట్టు మీద అత్యంత వెలుగైన గీత కూడా లేత పసుపే అవుతుంది. అచ్చ తెలుపు పెట్టినప్పుడు అది ఇత్తడి కాక ప్లాస్టిక్ అనిపించడానికి కారణమిదే. కుండ మీద తెలుపు మీకు నప్పిందని, మెట్ల మీద నప్పలేదని మీరే రాశారు, మీ కన్ను సరిగానే పట్టుకుంది.

తెలుపు నీలిచాయ తిరగడానికి మరో కారణం కూడా ఉంది. ముదురు అడుగు మీద పలచని తెల్ల పొర పడితే ఆ పొరలోని సన్నని రేణువులు నీలి వెలుతురును ఎక్కువగా చెదరగొడతాయి. నల్లని గోడ ముందు పొయ్యి పొగ నీలంగా కనిపించడం కూడా ఇదే. అందుచేత వెచ్చని మెరుపు కావలసినచోట తెలుపుకు బదులు మీగడ రంగు, దంతపు రంగు పెన్సిళ్లు వాడాలి. లేదా తెలుపు వేసి దాని మీద నిమ్మపండు పసుపును తేలికగా నడిపించాలి. పాలిష్ మెరుపు దగ్గర మాత్రం ఆ నీలిచాయను పోగొట్టుకోకండి. అక్కడ అది ఆకాశపు వెలుతురు.

ఇత్తడి మెట్టు మెరవాలంటే మెరుపుకు పక్కన నలుపు కూడా ఉండాలి. నల్లని మైనాన్ని మీరు బూడిదలా వదిలేసి ఉంటే, పసుపును ఎంత వత్తినా లాభం లేదు. నలుపు పెన్సిలు ఒక్కదానితోనే కాకుండా ముదురు నీలం, ముదురు గోధుమ కలిపి మైనాన్ని 9వ మెట్టుకు తీసుకువెళ్లండి. ఆ తర్వాత పసుపు ఎంత కావాలో మీకే తెలుస్తుంది, బహుశా ఇప్పుడు వేసినదానికన్నా తక్కువే కావలసివస్తుంది.

బూడిద కాగితం మీద చెక్క నారింజ రంగుగా కనిపించడం పెన్సిలు లోపం కాదు. పక్కనున్న రంగును బట్టి మన కన్ను రంగును సరిదిద్దుకుంటుంది. ఫ్రాన్స్‌లో గోబెలిన్ తివాచీల కర్మాగారపు అద్దకం పనులకు అధిపతిగా ఉన్న రసాయన శాస్త్రవేత్త షెవ్రూల్, నల్లని నూలు నీలం పక్కన వెలిసిపోయినట్టు కనిపిస్తోందన్న ఫిర్యాదును పరిశీలిస్తూ పోయి, 1839లో దీన్ని సూత్రబద్ధంగా ప్రకటించాడు. గోధుమ, నారింజ రంగుల పక్కన తటస్థమైన బూడిద నీలంగా తోస్తుంది, ఆ నీలం పక్కన చెక్క మరింత నారింజగా తోస్తుంది. ఇది కోరుకున్నప్పుడు వరం, కోరనప్పుడు బెడద. బూడిద కాగితం మీద వీణ వేయాలంటే చెక్కకు వాడే ఎరుపు, నారింజ పెన్సిళ్లను సగం తగ్గించి, రా అంబర్ వంటి చల్లని గోధుమ రంగులు వాడండి.

ఒక పక్కమాట. రంగు నేల మీద తెలుపుతో బొమ్మ వేయడానికి మనం వెనిస్ దాకా పోనక్కర్లేదు. మన ఏజెన్సీ కొండల్లో సవరలు ఎర్రమట్టి అలికిన గోడ మీద బియ్యప్పిండితో మనుషులను, జంతువులను, చెట్లను గీస్తారు. అందులో నీడ లేదు, నడిమి ఛాయ లేదు. గోడ నేల, తెలుపు బొమ్మ. మీ వీణకు ఆ పద్ధతి పనికిరాదు కాని, తెలుపును ఎంత పొదుపుగా వాడితే అంత బలంగా నిలబడుతుందన్నది అక్కడ చూసి నేర్చుకోవచ్చు.


సమాధానం: ఫ్రేముల పని (శ్రీకాకుళం)

బ్రౌన్ పేపరు గురించి అడిగారు కనుక చెబుతున్నాను. నేను బొమ్మలకు ఫ్రేములు కట్టేవాణ్ణి, వేసేవాణ్ణి కాదు. పుస్తకాల అట్టలకు వాడే బ్రౌన్ పేపరు మీద చేయి తిప్పుకోవడానికి, రంగులు ఎలా మారుతున్నాయో చూసుకోవడానికి నిరభ్యంతరంగా వేయండి. అది ముదురు గోధుమ రంగులో ఉంటుంది కాబట్టి మాస్టారు గారు చెప్పిన ముఖాల అభ్యాసానికి కూడా చవకగా పనికొస్తుంది. కాని దాచుకోవలసిన బొమ్మను, అమ్మవలసిన బొమ్మను దాని మీద వేయకండి. చెక్కగుజ్జులోని లిగ్నిన్ అనే పదార్థం ఆ కాగితంలో కొంత మిగిలిపోతుంది. వెలుతురు, గాలి తగిలేకొద్దీ అందులో ఆమ్లం పెరిగి, కాగితం ముదిరి, మడతల దగ్గర పెళుసెక్కి విరుగుతుంది. నున్నగా ఉన్న వైపు పెన్సిలు రెండు మూడు పొరలకు మించి నిలవదు కూడా.

కొనేటప్పుడు ఆమ్లరహితం అని రాసి ఉన్నది చూసుకోండి. స్ట్రాత్‌మోర్ 400 సిరీస్ టోన్డ్ స్కెచ్ కాగితం 118 జీఎస్ఎమ్ (చదరపు మీటరుకు గ్రాముల బరువు) ఉంటుంది, పొడి పెన్సిలు పనికి చాలు, తడి పనికి ముడతలు పడుతుంది. కాన్సన్ మి-తెంత్ 160 జీఎస్ఎమ్. దానికి ఒక వైపు తేనెపట్టు గళ్ల వంటి గరుకు, రెండో వైపు సన్నని గరుకు ఉంటాయి. పాస్టెల్ వేసేవారు గళ్ల వైపు ఇష్టపడతారు, కలర్ పెన్సిలుతో సన్నని తంత్రులు గీయాలనుకునే మీకు రెండో వైపే మేలు.

మన తీరప్రాంతపు తేమను లెక్కలోకి తీసుకోవాలి. వానాకాలంలో కాగితం తేమ పీల్చి ఉబ్బుతుంది, ఎండ వచ్చాక బిగుస్తుంది. నాలుగు వైపులా అంటించిన కాగితం అలలు తేలడం ఖాయం. పై అంచున రెండు చోట్ల మాత్రమే ఆమ్లరహిత టేపుతో వేలాడదీసి, మౌంటు బోర్డు వేసి, అద్దం బొమ్మకు ఆనకుండా ఎడం ఉంచాలి. అద్దానికి మైనపు పెన్సిలు పొర అంటుకుంటే విడదీసేటప్పుడు రంగు దానితోపాటే వస్తుంది. బయటి గోడకు తగిలిస్తే ఫ్రేము వెనుక కింద రెండు మూలలా బిరడా ముక్కలు అతికిస్తాను, గాలి ఆడడానికి.

మైనపు పెన్సిళ్లతో దట్టంగా వేసిన ముదురు రంగుల మీద కొన్నాళ్లకు పలచని తెల్లని బూజు వంటి పొర కనిపిస్తుంది. తేమ ఉన్న ఊళ్లు కనుక జనం దాన్ని నిజమైన బూజే అనుకొని బొమ్మ పోయిందని బాధపడుతూ తెస్తారు. చాలాసార్లు అది పెన్సిలులోని మైనం పైకి తేలడమే. మెత్తని గుడ్డతో తేలికగా అద్దితే పోతుంది, మళ్లీ రాకుండా పలచగా ఫిక్సేటివ్ (రంగును పట్టి ఉంచే స్ప్రే) కొట్టవచ్చు. మీ వీణలో నల్లని మైనం భాగాన్ని నూనె ఆధారపు పెన్సిళ్లతోనే వేస్తే ఈ బాధ తక్కువ. ఫిక్సేటివ్‌ను ముందు వేరే ముక్క మీద కొట్టి చూడండి. కొన్ని రకాలు టోన్డ్ పేపరును ఒక మెట్టు ముదురు చేస్తాయి. తెల్ల చాక్, పాస్టెల్ మెరుపులైతే దాని కింద దాదాపు మాయమవుతాయి.

రంగు వెలిసిపోవడం గురించి కూడా ఒక మాట. పాలీక్రోమోస్ పెన్సిలు మీద నక్షత్రం గుర్తులుంటాయి, మూడు ఉంటే వెలుతురుకు బాగా తట్టుకుంటుందని అర్థం. గులాబీ, ఊదా రంగుల్లో వెలిసేవి ఎక్కువ. టోన్డ్ పేపరులో కాగితం రంగు కూడా వెలిసిపోవచ్చు, అదే అసలు ప్రమాదం. తెల్ల కాగితం మీది బొమ్మలో ఒక రంగు వెలిస్తే ఆ రంగు ఒక్కటే పోతుంది. ఇక్కడ కాగితం వెలిస్తే మీరు పెట్టిన తెల్లని మెరుపులన్నీ ఒక్కసారిగా దానిలో కలిసిపోతాయి. ఎండ నేరుగా పడే గోడ మీద మాత్రం పెట్టకండి.


గీతల పుస్తకం (విజయనగరం)

అందరికీ కృతజ్ఞతలు. మాస్టారూ, మీరు చెప్పినట్టు కాగితం అంచున తెలుపు నుంచి నలుపు దాకా తొమ్మిది గళ్ల పట్టీ వేసి, కళ్లు సగం మూసి చూశాను. నా గోధుమ కాగితం 3కు 4కు మధ్య కలిసిపోయింది. ఫొటోలో చెక్క కూడా సరిగ్గా అక్కడే ఉంది, పాలిష్ ఎక్కువ పడని కొత్త వీణే అది. మైనాన్ని ముదురు నీలం, ముదురు గోధుమలతో బాగా లోతుకు తీసుకువెళ్లాక మెట్ల మీద నేను వేసిన పసుపును పుట్టీ రబ్బరుతో (పిండిలా మెత్తగా ఉండే రబ్బరు) కొంత తీసేయవలసి వచ్చింది. దంతపు రంగు అడుగున, కాడ్మియం పసుపు పైన, మెట్టు కింది అంచున కాలిన గోధుమ గీత ఒకటి, ఇంతే వేశాను. ఇప్పుడు ఇత్తడిని ఇత్తడి అనవచ్చు. నీలం గుడ్డ మాత్రం ఇంకా లొంగలేదు. దాని కింద తెలుపు వేస్తే నీలం వస్తోంది కాని, గుడ్డ వీణకన్నా ముందుకు దూకుతోంది.

మరి రెండు సందేహాలు. పొందూరు ఖద్దరు పంచె కట్టుకున్న ఒక పెద్దాయన ముఖచిత్రం తరువాత వేయాలనుకుంటున్నాను. ఆయన మంచి నలుపు, పంచె తెలుపు. ఒకే కాగితం ఈ రెంటికీ ఎలా సరిపోతుంది? రెండోది, టోన్డ్ పేపరు మీద బొమ్మను ఫోనుతో ఫొటో తీస్తే కాగితం ఒకసారి తెల్లగా, ఒకసారి బూడిదగా వస్తోంది, అసలు రంగు ఎప్పుడూ రావడం లేదు.


సమాధానం: వంశధార ఒడ్డు (శ్రీకాకుళం)

మాస్టారు గారి సవరణను ఒప్పుకుంటున్నాను. కొంగకు కాగితం నీడ, మీ ముఖచిత్రానికి అదే కాగితం వెలుగు, అలా చూస్తే నేను సూత్రం అన్నది నా పక్షులకు మాత్రమే కుదిరిన సంగతి.

ఫొటో గురించి చెబుతాను. ఫోను కెమెరా ఎదురుగా ఉన్న పెద్ద రంగు ప్రాంతాన్ని తటస్థంగా మార్చడానికి తనంతట తానే ప్రయత్నిస్తుంది. బొమ్మలో సగానికి పైగా గోధుమ కాగితమే ఉన్నప్పుడు ఆ గోధుమనే లోపమనుకొని తీసేస్తుంది. బొమ్మ పక్కన ఒక తెల్ల కాగితం ముక్క, వీలైతే తటస్థ బూడిద కార్డు పెట్టి తీయండి. తరువాత ఎడిటింగులో ఆ ముక్కను చూపించి వైట్ బ్యాలెన్స్ సరిచేసి, చివర్లో దాన్ని కత్తిరించండి. వెలుతురు మబ్బు పట్టిన రోజున వరండాలో బాగుంటుంది. దీపాలు వాడితే రెండు వైపుల నుంచి నలభై అయిదు డిగ్రీల కోణంలో ఒకే రకం బల్బులు పెట్టాలి, లేకపోతే దట్టంగా వేసిన మైనపు పెన్సిలు మెరిసి ముదురు రంగులు తెల్లబోతాయి.

నీలం గుడ్డకు నాకు తోచిన ఉపాయం ఏమిటంటే, తెలుపు అడుగు పొరను మడతల శిఖరాల మీద మాత్రమే ఉంచి, లోయల్లో నీలాన్ని నేరుగా కాగితం మీద వేయడం. సీసం రంగు అక్కడ నీడగా పనికొస్తుంది.


సమాధానం: డ్రాయింగ్ మాస్టారు, విశ్రాంత (విజయనగరం)

గుడ్డకు ఆయన చెప్పిన ఉపాయం మంచిది, నేనూ అదే చెప్పేవాణ్ణి. దానికి తోడు గుడ్డ అంచులను గట్టిగా గీయకుండా వదిలేయండి. వీణ అంచులు పదునుగా, గుడ్డ అంచులు మెత్తగా ఉంటే అది వెనక్కు పోతుంది.

ముఖచిత్రానికి కాగితాన్ని ముఖాన్ని బట్టే ఎంచుకోవాలి, పంచెను బట్టి కాదు. ముదురు కాగితం తీసుకోండి. ముదురు కాగితం మీద పంచె అంతటికీ తెలుపు వేయవలసి వస్తుందని మీరు భయపడుతున్నట్టున్నారు, అంత అవసరం లేదు. పొందూరు ఖద్దరు సన్నని నూలు. కొండపత్తితో నేసి, చలువ చేయని బట్టలో మీగడ చాయ ఉంటుంది. అది మిల్లు పంచె తెలుపు కాదు, కనుక అచ్చ తెలుపు పెన్సిలు దానికి ముట్టించనక్కర్లేదు. భుజం మీద వెలుతురు పడిన చోట మీగడ రంగుతో నేత దిశలో పలచని గీతలు నడిపించి, ఒంటిమీద అంటుకున్నచోట గీతల మధ్య కాగితాన్ని కనిపించనివ్వండి. పలచని బట్టలోంచి ఒంటిరంగు తొంగిచూసినట్టుంటుంది. కింద ఒడి భాగాన్ని పూర్తి చేయకుండా నాలుగు గీతలతో ఆపేయవచ్చు, టోన్డ్ పేపరు మీద అసంపూర్తి భాగం వెలితిగా కనిపించదు.

తగిన ముదురు కాగితం దొరకకపోతే మీరే తయారు చేసుకోండి. 300 జీఎస్ఎమ్ నీటిరంగుల కాగితాన్ని బల్లకు టేపుతో బిగించి, రా అంబర్ యాక్రిలిక్ రంగును బాగా నీళ్లు కలిపి వెడల్పాటి కుంచెతో రెండుసార్లు పూయండి. పలచగా పూసినప్పుడే గరుకు నిలుస్తుంది, చిక్కగా పూస్తే ప్లాస్టిక్ పొరలా తయారై పెన్సిలు జారుతుంది. టీ డికాక్షన్‌తో రంగు వేయమని ఎవరైనా చెబితే వినకండి, అది ఆమ్లం, పైగా ఆ రంగు నిలకడగా ఉండదు. పూర్తిగా ఆరాక ఒక మూల మీ నలుపు, మీగడ, కాలిన గోధుమ పెన్సిళ్లతో మూడు చిన్న గళ్లు నింపి, ఆ పెద్దాయన చెంప పక్కన పట్టుకొని చూడండి. నీడ, నడిమి, వెలుగు మూడింటిలో కాగితం ఎక్కడ పడిందో అక్కడే తేలిపోతుంది, ముఖం గీయడం ఆ తర్వాతే మొదలుపెట్టవచ్చు.